ఆకుపచ్చ సిరాతో ‘నార్మల్’

నా జీవితంలో ఉపన్యాసాలు చాలా ఇచ్చాను. నరసరావుపేట వీధి కూడళ్ళలో, గురజాల బస్టాండు ఎదురుగా, మాచర్ల రైల్వే స్టేషను బయట. చేతబడి మీద మాట్లాడాను, వాస్తు మీద మాట్లాడాను, వాకిట్లో వేలాడదీసే దిష్టి గుమ్మడికాయ మీద గంటన్నర మాట్లాడాను. వాటిలో ఒక్కటి కూడా ఎవరికీ గుర్తు లేదు. జనానికి గుర్తున్న ఉపన్యాసం ఒకటే. ఎడ్ల బండలాగుడు పోటీల మైకులో ఇచ్చింది. పావుగంట కూడా పట్టలేదు. అందులో నేను చెప్పిన విషయం, నేను తప్పు చెప్పాను అని.

ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అనుభవాలు చెప్పమంటారు. గెలిచిన సంగతులు చెబుతానని కాబోలు పెన్నులు తీసి కూర్చుంటారు. గెలుపులు మీకు ఎవరైనా చెబుతారు, నేను ఓడిపోయింది రాసుకోండి అంటాను. అందులోనే నాకు ఎక్కువ సంతోషం ఉంది. ఇది మీరూ చదువుతారని రాస్తున్నాను.

నేను పనిచేసింది నరసరావుపేటలో ఒక మోస్తరు ప్రైవేటు ఆస్పత్రిలో. ముప్పై ఏళ్ళకు పైగా ఆ ల్యాబు నాదే. మా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది చుట్టుపక్కల మండలాల రైతులు, కూలీలు, చిన్న పంతుళ్ళు. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. కాగితం చేతికిస్తే తిప్పి తిప్పి చూసి, “బాగున్నట్టా, లేనట్టా?” అని అడుగుతారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక నేను ఒక పద్ధతి పెట్టుకున్నాను. అన్నీ హద్దులో ఉంటే కాగితం అడుగున ఆకుపచ్చ సిరాతో, పెద్ద తెలుగు అక్షరాల్లో ‘నార్మల్’ అని రాసేవాణ్ణి. చెప్పొద్దూ, ఆ అక్షరాల మీద నాకు మోజు కూడా ఉండేది. డాక్టరు గారు నన్ను మందలించలేదు. పని సులువవుతుంటే ఎవరు మందలిస్తారు?

ఆ పచ్చ అక్షరాలకు మా ప్రాంతంలో గొప్ప గిరాకీ వచ్చింది. కొందరు రిపోర్టును పటం కట్టించుకున్నారు కూడా. కౌంటరులో కూర్చునే మా సహోద్యోగిని, “సార్ దగ్గర పాసైనోళ్ళకి టీసీ కూడా ఇస్తే పోయిద్ది” అని ఎగతాళి చేసేది. పరీక్ష అన్నాక పాసవ్వాలి కదా. అందుకని మా వాళ్ళు కొలెస్ట్రాల్ పరీక్షకు వచ్చేముందు వారం రోజులు పథ్యం ఉండేవాళ్ళు. వేపుళ్ళు బంద్, కోడి బంద్, సాయంత్రం మందు బంద్. ఆరు రోజులు మజ్జిగన్నం తిని ఏడో రోజు పొద్దున్నే పరగడుపున వచ్చి చెయ్యి చాపేవాళ్ళు. రక్తం ఇచ్చేసి నేరుగా ఎదురు వీధిలో బిర్యానీ హోటలుకు పోయేవాళ్ళు. నాకు ఇదంతా తెలుసు. తెలిసి ఆపకపోగా, “ఒక వారం నోరు కట్టుకుని రండి, రిపోర్టు బాగా వస్తుంది” అని నేనే సలహా ఇచ్చేవాణ్ణి. మంచి రిపోర్టు ఇవ్వడంలో నాకు వడ్డించే సంతోషం లాంటిది ఉండేది.

ఇప్పుడు ఎడ్ల ఆసామి దగ్గరికి వస్తాను. రాజుపాలెం మండలంలో ఒక ఊరు ఆయనది. మిర్చి, పత్తి వేస్తాడు. అసలు ప్రాణం మాత్రం ఎడ్ల మీద. ఒంగోలు గిత్తల జతను పిల్లల కంటే ముద్దుగా పెంచి బండలాగుడు పోటీలకు తిప్పుతాడు. తానే తోలతాడు. ఆయన అరుపు ఒక పొలం ఇవతలికి వినబడుతుంది. ఆయన ఇల్లాలు నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆ వరసన ఆయన నన్ను బావా అంటాడు. అంతకుమించి మాకు చుట్టరికం లేదు.

ఆ ఇంటికి ఒక పేరు ఉంది. ఆ ఇంటి మగవాళ్ళకు యాభై గండం అని. ఆయన తండ్రి యాభై నిండకముందే మంచం మీద కూర్చుని చెప్పు తొడుక్కుంటూ ఒరిగిపోయాడు. అన్న యాభై నిండిన ఏడే మిర్చి కల్లంలో కూలబడ్డాడు. ఇద్దరిదీ గుండెపోటే. కానీ ఊళ్ళో సిద్ధాంతి ఒకాయన ఉన్నాడు. ఆ వంశంలో ఎవరో ఎప్పుడో ఏదో అపచారం చేశారని, ఏటా మూడు రోజులు శాంతి చేయిస్తే తప్ప తమ్ముడికీ తప్పదని చెప్పాడు. ఆసామికి అప్పుడు నలభై ఏడు దాటాయి. మనిషి లోలోపల వణికిపోతున్నాడు.

ఆ ఊరి కుర్రకారు నన్ను మీటింగుకు పిలిచారు. గండాల మీద మాట్లాడమన్నారు. నాకు అంతకంటే ఏం కావాలి? వెళ్ళేముందు ఆసామికి లిపిడ్ ప్రొఫైల్, అంటే ఆ కొలెస్ట్రాల్ పరీక్షే, చేయించాను. అన్నీ హద్దులోనే ఉన్నాయి. ఆకుపచ్చ సిరాతో రాశాను. మీటింగులో ఆయన్ని పక్కన నిలబెట్టుకుని ఆ కాగితం ఎత్తి చూపించాను. “గండం ఎక్కడుంటుందయ్యా? పంచాంగంలోనా, రక్తంలోనా? రక్తంలో ఉంటే ఇదిగో, నేను వెతికాను. లేదు. రక్తం అబద్ధం చెప్పదు” అని మైకు అదిరేటట్టు అరిచాను. ఊరంతా చప్పట్లు కొట్టింది. సిద్ధాంతి లేచి వెళ్ళిపోయాడు. ఆసామి ముఖంలో భయం ఆ రాత్రే పోయింది. ఆ కాగితాన్ని ఎడ్ల కొట్టంలో గోడకు అంటించుకున్నాడు.

రక్తం అబద్ధం చెప్పదన్న మాట ఇప్పటికీ నిజమే. దాన్ని నేను పూర్తిగా అడగలేదు, అంతే.

మరుసటి ఏడు మా ఆస్పత్రికి ఒక కొత్త డాక్టరమ్మ వచ్చింది. మాచర్ల వైపు అమ్మాయి. తండ్రి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారు. ఆ వాసన ఆమెలో ఉండేది. ఏ అంకె చూపించినా అది ఎక్కడి నుంచి వచ్చిందో అడిగేది. ఆసామి ఏడాది పరీక్షకు వచ్చినప్పుడు ఆమె ఆయన తండ్రి గురించి, అన్న గురించి అడిగి రాసుకుంది. పరీక్షల చీటీలో మామూలు లిపిడ్ ప్రొఫైలు కింద ఇంకొకటి రాసింది. అపోబి.

చీటీ చూడగానే నాకు ఒళ్ళు మండింది. అప్పట్లో అనవసరపు పరీక్షలు రాసి పేదవాళ్ళను పీల్చే ఆస్పత్రుల మీద నేను వ్యాసాలు రాస్తున్నాను. ఆ పరీక్ష మా మిషన్ల మీద అయ్యేది కాదు, సిటీకి పంపాలి. చీటీ పట్టుకుని నేరుగా ఆమె గదికి వెళ్ళాను.

“ఏందమ్మా ఇది? మామూలు కొలెస్ట్రాల్ పరీక్ష ఏం పాపం చేసింది?”

“పాపమేం చేయలేదు సార్. సరుకు తూకం వేసింది. బళ్ళు లెక్కబెట్టలేదు.”

నాకు అర్థం కాలేదని ఆమెకు అర్థమైంది. కూర్చోబెట్టి చెప్పింది. కొలెస్ట్రాల్ కొవ్వు కదా, రక్తంలో కరగదు. అందుకని ఒంట్లో అది చిన్న చిన్న రేణువుల్లో, బళ్ళలో ఎక్కినట్టు ఎక్కి తిరుగుతుంది. రిపోర్టులో ఎల్‌డీఎల్ అని వచ్చే అంకె ఆ బళ్ళలో ఉన్న మొత్తం సరుకు బరువు. కానీ రక్తనాళం గోడలో దూరి ఇరుక్కునేది బండి. కొందరిలో బళ్ళు పెద్దవి, తక్కువ. కొందరిలో అవే చిన్నవిగా, గట్టిగా, లెక్కకు మించి ఉంటాయి. సరుకు బరువు ఇద్దరిలోనూ ఒకటే రావచ్చు. ఆ జాతి బండి ప్రతిదానికీ అపోబి అనే ప్రొటీను ఒక్కటే ఉంటుంది, నంబరు ప్లేటు మాదిరిగా. ప్లేట్లు కొలిస్తే బళ్ళెన్నో తెలిసిపోతుంది.

“ఈ కథ మందుల కంపెనీవాళ్ళు చెప్పారా?” అన్నాను.

ఆమె ముఖం ఎర్రబడింది. అయినా గొంతు పెంచలేదు. “మీటింగుల్లో అందర్నీ ప్రశ్నించమంటారంట గదా సార్. నేనూ ప్రశ్నిస్తా. ఎల్‌డీఎల్ హద్దులో ఉంటే గుండెపోటు రాదని మీకెవరు చెప్పారు?”

“మా పుస్తకంలో ఉంది.”

“ఎప్పటి పుస్తకం?”

గుమ్మం దగ్గర నిలబడి వింటున్న కౌంటరు ఆమె కిసుక్కున నవ్వింది. అది నేను డిప్లొమా చదివిన రోజుల పుస్తకం. బల్ల సొరుగులో ఇంకా ఉంది. దాని తరవాత నేను చదివింది ఏమీ లేదు. వేదం మారదనే వాళ్ళను వేదిక ఎక్కి ఏకిపారేసిన మనిషిని నేను.

ఓటమి ఒప్పుకోబుద్ధి కాలేదు. పందెం కట్టాను. అపోబి మామూలుగా వస్తే ఆమె మా మీటింగుకు వచ్చి కార్పొరేటు వైద్యం మీద మాట్లాడాలి. ఎక్కువ వస్తే నేను ఆస్పత్రి మొత్తానికి కోడి పలావు పెట్టాలి. రక్తం తీసి రెండు గొట్టాల్లో పోశాను. ఒకటి నా మిషన్‌కు, ఒకటి సిటీకి. నా గొట్టంలోది మళ్ళీ నార్మల్. ఆసామి, “బావా, సంతకం ఏదీ?” అని నిలబడి పచ్చ సిరా వేయించుకుని మరీ వెళ్ళాడు.

ఇక్కడ మా చిన్న ల్యాబుల గుట్టు ఒకటి చెప్పాలి. అప్పట్లో ఎల్‌డీఎల్‌ను మేం నేరుగా కొలిచేవాళ్ళం కాదు. మొత్తం కొలెస్ట్రాల్, మంచి కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్స్ అనే ఇంకో కొవ్వు కొలిచి, కాలిక్యులేటరు మీద తీసివేతలు చేసి రాసేవాళ్ళం. నేను మీటింగులో ఎత్తి చూపించిన అంకె అసలు ఏ మిషనూ చూసింది కాదు. అది ఒక తీసివేత.

నాలుగో రోజు పొద్దున సిటీ నుంచి రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మకు ఏమని చెప్పాలో మాటలు సిద్ధం చేసుకుని మరీ తెరిచాను. అపోబి ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువ. పేరు సరిచూశాను, గొట్టం నంబరు సరిచూశాను, మూడుసార్లు చదివాను. పేరూ మారలేదు, అంకే మారలేదు.

కాగితం చేతిలో ఉండగానే ఆసామి ఇల్లాలు వచ్చింది. తన షుగరు పరీక్ష కోసం. సూది గుచ్చుతుంటే మాటల్లో చెప్పింది. ఆయన రెండు నెలల నుంచి గిత్తల వెనక యాభై అడుగులు పరిగెత్తగానే ఆగిపోతున్నాడట. రొమ్ము మీద బండ పెట్టినట్టు ఉంటుందట. దవడ లాగుతుందట. ఆగి నిమ్మసోడా తాగితే త్రేన్పు వచ్చి తగ్గిపోతుందట. గ్యాసే అంటాడట.

సోడాకు కాదు తగ్గేది, ఆగినందుకు తగ్గుతోంది.

“మొన్న ఆస్పత్రికి వచ్చినప్పుడు ఇది చెప్పమనలేకపోయావా తల్లీ?”

“చెప్పకేం? నార్మల్ అని మైకులో చెప్పారు పోవే అంటన్నాడు. ఆ కాయితం చూపిస్తాడు. నేను కూడా చానా కష్టపడ్డా అన్నా ఆ కాయితానికి. పరీక్షకి ముందు వారం రోజులు నూనె చుక్క తగలనియ్యలా. నువ్వు చెప్పినట్టే.”

ఆ మనిషి ట్రైగ్లిజరైడ్స్ మామూలు రోజుల్లో ఎంత ఉంటాయో ఎవరం ఎప్పుడూ చూడలేదు. అవి పెరిగితే బళ్ళు చిన్నవై లెక్క పెరిగిందేమోనని మామూలు పరీక్షలో అనుమానించడానికి ఉన్న ముఖ్యమైన ఆనవాలు అది. దాన్ని కడిగి తుడిచి తెమ్మన్నది నేను. ఆమె నమ్మకంగా కడిగి తెచ్చింది.

ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికి పరిగెత్తాం. నేను రిపోర్టు బల్ల మీద పెట్టి, నేను ఓడిపోయాను అన్నాను. ఆమె పందెం ఊసే ఎత్తలేదు. రెండు నెలల సంగతి విని, “ఆయన్ని ఇప్పుడే రమ్మనండి. పరిగెత్తొద్దని చెప్పండి” అంది.

ఫోను చేశాను. అవతల ఎడ్ల మువ్వలు, కుర్రాళ్ళ కేకలు. మర్నాడే వాళ్ళ ఊరి తిరునాళ్ళ పోటీలు. నేను చెప్పిందంతా విని ఆయన నవ్వాడు.

“బావా, మైకులో ఒకటి, ఫోనులో ఒకటా?”

డాక్టరమ్మ ఫోను తీసుకుంది. ఆమెతో మర్యాదగానే, “పోటీ అయినాక ఎల్లుండి వస్తా తల్లీ” అని పెట్టేశాడు. తరవాత ఎత్తలేదు.

ఇల్లాలు కొంగు బిగించింది. అప్పుడు ఆమె అన్న మాట నేను ఈ జన్మకు మరిచిపోను.

“మైకులో చెప్పినోడివి మైకులోనే ఎనక్కి తీసుకో అన్నా. ఆయన నా మాట ఇనడు, డాక్టరమ్మ మాట ఇనడు. మైకు మాటే ఇంటాడు.”

ఆ రాత్రి నేను పడ్డ బాధ ఆసామి గురించి సగమే. ఒప్పుకోక తప్పదు, మిగతా సగం సిద్ధాంతి గురించి. ఆయన ముందు నిలబడి తప్పయిందని చెప్పాలి. ముప్పై ఏళ్ళు పల్నాడులో మేం నాలుగైదుగురు హేతువాదులం తవ్వుకుంటూ వచ్చిన కాలవను ఒక్క మాటతో పూడ్చినట్టవుతుందేమో అని దొర్లాను. మా ఇంటావిడ లేచి, “నువ్వు పోకపోతే ఆ మనిషి పడిపోతాడు. అప్పుడు సిద్ధాంతే గెలుస్తాడు” అని అటు తిరిగి పడుకుంది. ముప్పై ఏళ్ళ నా తర్కం అంతా ఆ రెండు ముక్కల్లో ఉంది.

మర్నాడు ఆస్పత్రి అంబులెన్సులో వెళ్ళాం. డాక్టరమ్మ, ఒక నర్సు, ఇల్లాలు, నేను. ఊరి బయట మాగాణిలో బరి. చుట్టూ తాడు కట్టి జనం. దుమ్ము మేఘంలా లేస్తోంది. కామెంట్రీ చెప్పే ఆయన ప్రాస కలిపి అరుస్తున్నాడు. ఆసామి జత నాలుగోది. అప్పటికి రెండోది బండ లాగుతోంది. డాక్టరమ్మ ఎప్పుడూ పోటీ చూడలేదట. గిత్తలు ఒక్కసారి ముందుకు విసురుకోగానే తన పని మరిచి తాడు దగ్గరికి పోయి నిలబడింది. నర్సు చెయ్యి పట్టి వెనక్కి లాక్కొచ్చింది.

మైకు అడిగితే కామెంట్రీ ఆయన గట్టిగా పట్టుకున్నాడు. ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉంది. ఊరు రెండు పార్టీలు. పోటీల రోజున ఒకరి మైకు ఒకరు లాక్కుని కొట్టుకోకుండా, కామెంట్రీ చెప్పే మనిషి తప్ప ఎవరూ మైకు ముట్టకూడదని రెండు వర్గాలూ కూర్చుని రాసుకున్నారు. ఎమ్మెల్యే వచ్చినా చెయ్యి ఊపి పోవాల్సిందే. రెండు వర్గాల పెద్దలూ బరికి అటొక షామియానా, ఇటొక షామియానా వేసుకుని కూర్చున్నారు. నేను ఒకాయన దగ్గరికి పోతే, “వాళ్ళు ఒప్పుకున్నారా?” అన్నాడు. రెండో ఆయన దగ్గరికి పోతే, “వాళ్ళనడిగావా?” అన్నాడు.

ఇల్లాలు నన్ను పక్కకు నెట్టింది. ఒకాయన్ను పెదనాన్నా అంది, ఇంకొకాయన్ను మావా అంది. ఇద్దరికీ చెప్పింది ఒకటే. మా ఆయన బరిలో పడిపోతే పోటీ ఆగిద్ది, మీ జతలు ఐదోది, ఆరోది గదా, ఆలోచించుకోండి అని. ఇద్దరూ ఒకేసారి కామెంట్రీ ఆయనకు చెయ్యి ఊపారు. ఆ ఊళ్ళో ఆ రెండు చేతులూ ఒకేసారి లేవడం అదే మొదటిసారని తరవాత చెప్పుకున్నారు.

మైకు చేతికి వచ్చింది. ఆసామి బరి మొదట్లో గిత్తలను కాడికి కట్టి, పగ్గం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నన్ను చూసి ముఖం చిట్లించాడు.

ఏం చెప్పాలో ముందుగా రాసుకున్నది మరిచిపోయాను. “పోయినేడు ఈ ఊళ్ళో ఒక కాగితం ఎత్తి చూపించి, ఈయనకు ఏమీ లేదని చెప్పాను. తప్పు చెప్పాను” అన్నాను. జనం సద్దుమణిగారు. “మీరంతా మిర్చి రైతులు. వంద టిక్కీల మిర్చి గుంటూరు యార్డుకు పంపాలి. ఒక లారీలో వేయొచ్చు, ఇరవై ఆటోల్లో వేయొచ్చు. కాటా మీద బరువు ఒకటే. మరి రోడ్డు మీద?”

“ఇరుక్కుపోతాం” అని ఎవరో అరిచారు.

“నేను కాటా చూసి వచ్చి, రోడ్డు ఖాళీగా ఉందని మీకు చెప్పాను. నాకు చదువు చాలలేదు. ఈ డాక్టరమ్మ బళ్ళు లెక్కబెట్టింది. ఈయన నెత్తురంతా ఆటోలే. రెండు నెలల నుంచి పరిగెడితే రొమ్ము పట్టేస్తోంది. అది గ్యాసు కాదు. ఇవాళ ఈయన పరిగెత్తకూడదు. గుంటూరు పోవాలి.”

జనంలోంచి సిద్ధాంతి లేచాడు. లేస్తాడని నాకు తెలుసు. “అయితే గండం ఉందని ఒప్పుకున్నట్టేగా మాస్టారూ?” అన్నాడు. ఆ ముఖంలో వెలుగు చూడాల్సిందే.

“ప్రమాదం ఉందని మీరన్నారు, నేను లేదన్నాను. ఆ ముక్కలో మీరే గెలిచారు. కానీ మీ గండానికి అంకె లేదు, దీనికి ఉంది. శాంతి చేశాక గండం ఎంత తగ్గిందో మీరు చూపించలేరు. మాత్ర వేశాక ఇది ఎంత తగ్గిందో మూడు నెలల్లో నేను కాగితం మీద చూపిస్తాను. తగ్గకపోతే మళ్ళీ ఇక్కడికే వచ్చి తగ్గలేదని చెబుతాను. మీరెప్పుడైనా అట్లా వచ్చి చెప్పారా?”

జనం నవ్వారు. సిద్ధాంతి కూర్చోలేదు. ఇంతలో ఆసామి పగ్గం పట్టుకునే బరి మధ్యదాకా నడిచి వచ్చాడు. మైకు అవసరం లేని గొంతు ఆయనది.

“బావా. రెండు మాటలు చెప్పావు. ఏది నిజం?”

“ఇవాళ్టిది.”

“రేపు ఇంకోటి చెప్పవుగా?”

“కొత్త సంగతి తెలిస్తే చెబుతాను. తెలిసిన రోజే వచ్చి చెబుతాను.”

ఆయన గిత్తల వైపు తిరిగాడు. గిత్తలు తలలు విసురుతున్నాయి. చివరికి పక్కనున్న తన అన్న కొడుకును పిలిచి పగ్గం అతని చేతిలో పెట్టాడు. “ఎడమది బెదురుద్ది, దాని పక్కనే ఉండు” అని మాత్రం చెప్పాడు. నా పక్కనుంచి పోతూ, “ఈ మాట నిన్న మైకులో చెప్తే పొద్దున్నే కల్లు మానేసేవాణ్ణి గదా” అన్నాడు.

అంబులెన్సు తలుపు తెరిచి ఆయన్ని మెట్టు మీద కూర్చోబెట్టారు. నాలిక కింద మాత్ర సిద్ధంగా పెట్టుకుని డాక్టరమ్మ నాడి చూస్తోంది. అవతల అన్న కొడుకు జతను తోలుతున్నాడు. ఆసామి ఆగగలడా? కూర్చున్నచోటి నుంచే అరుపు అందుకున్నాడు.

“అరవకూడదు” అంది డాక్టరమ్మ.

“పరిగెత్తొద్దన్నావు గదా తల్లీ, అరవొద్దని ఎప్పుడన్నావు?”

“ఇప్పుడంటున్నా. మీరు నోరు మూసుకోండి. నేనరుస్తా. ఏమనాలో చెప్పండి.”

మాచర్ల అమ్మాయి, ఎంబీబీఎస్ ఎండీ, మెడలో స్టెతస్కోపుతో ఆ బరి పక్కన నిలబడి గిత్తలను అదిలించిన అరుపు నేను విన్నాను. ఆయన గుసగుసగా చెప్పడం, ఆమె గొంతెత్తి అరవడం. రెండు షామియానాల వాళ్ళూ పోటీ వదిలేసి ఇటే చూశారు. జతకు రెండో బహుమతి వచ్చింది.

గుంటూరులో మర్నాడు యాంజియోగ్రామ్ చేశారు. రెండు నాళాలు పూడుకుపోవడానికి కొంచెమే మిగిలి ఉంది. స్టెంట్లు వేశారు. మత్తు వదలగానే ఆయన అడిగిన మొదటి ప్రశ్న, మొదటి బహుమతి జత ఎన్ని అడుగులు ఎక్కువ లాగింది అని. నేను పందెం ప్రకారం ఆస్పత్రికంతా కోడి పలావు పెట్టాను. అంత ఇష్టంగా ఏ పందెం ఓడలేదు. కౌంటరు ఆమె రెండుసార్లు వడ్డించుకుని, “సార్, ఇంకో పందెం ఎప్పుడు?” అని అడిగింది.

మూడు నెలలకు అపోబి సగానికి దిగింది. కాగితం పట్టుకుపోయి ఊళ్ళో చూపించాను. సిద్ధాంతి, శాంతి వల్లే దిగిందన్నాడు. ఇల్లాలిని అడిగితే, అవునన్నా, అదీ చేయించా అంది. ఆసామి మణికట్టుకు పసుపు తాడు కనబడింది. నాకు అన్నం సయించలేదు ఆ పూట.

ల్యాబులో మాత్రం రెండు పనులు చేశాను. ఆకుపచ్చ పెన్ను పారేశాను. పథ్యం ఉండి రావద్దని, వారమంతా రోజూ తినేదే తిని, పరీక్ష రోజు పొద్దున మాత్రం పరగడుపున రమ్మని బోర్డు రాయించి పెట్టాను. ఆ నెల మా రిపోర్టులు చూసి నరసరావుపేటలో జబ్బులు ఒక్కసారిగా పెరిగాయనుకున్నారు పెద్ద డాక్టరు గారు. ఇంట్లో పెద్దవాళ్ళు చిన్న వయసులో గుండెపోటుతో పోయారని ఎవరైనా చెబితే, ల్యాబు వాణ్ణయినా నేనే పోయి డాక్టరమ్మ చెవిన వేసేవాణ్ణి. అపోబి పరీక్ష అందరికీ అక్కర్లేదు. ఎవరికి కావాలో అడిగే మనిషి కావాలి. పిల్లలూ, మీ మిషన్ అంకె ఇస్తుంది. అది ఏ ప్రశ్నకు జవాబో మిషన్‌కు తెలియదు. మీకు తెలియాలి. మీ సొరుగులో ఉన్న పుస్తకం ఎప్పటిదో కూడా అప్పుడప్పుడు చూసుకోండి.

నేను రిటైరయ్యాను. పోయిన నెల ఆ ఊరి నుంచి భోజనానికి పిలుపు వచ్చింది. ఆసామికి యాభై రెండు నిండాయి. ఆ ఇంట్లో అంత వయసు చూసిన మగవాళ్ళు ఎవరికీ గుర్తు లేరు. ఆయన ఇప్పుడు గిత్తల వెనక పరిగెత్తడు, బరి పక్కన కుర్చీ వేసుకుని అన్న కొడుకు తప్పులు లెక్కబెడతాడు. రోజూ రెండు పూటలా నడుస్తాడు, తిట్టుకుంటూ మాత్ర వేసుకుంటాడు.

వడ్డిస్తున్న ఇల్లాలితో నేను నా పాత జబ్బు కొద్దీ అన్నాను: “చెల్లెమ్మా, మాత్రా వేస్తున్నావు, శాంతీ చేయిస్తున్నావు. ఏది పనిచేస్తోందో తెలియాలంటే రెంట్లో ఒకటి ఆపి చూడాలి గదా.”

“ఏది ఆపమంటావు?”

“శాంతి ఆపు.”

ఆమె పప్పు గరిటె గిన్నెలో పెట్టింది. “ఆపి మూడేళ్ళయింది అన్నా. ఆ మూడు రోజుల ఖర్చుతో మా పిల్లలిద్దరికీ, మా బావగారి కొడుక్కీ ఆ బళ్ళ పరీక్ష చేయించా. పిల్లలకి లేదు. వాడికుంది. ఇరవై ఆరేళ్ళకే దొరికిపోయింది. డాక్టరమ్మ చెప్పినట్టు నడుచుకుంటన్నాడు.”

“మూడేళ్ళా? మరి నాకు ఒక్క మాట చెప్పలేదే?”

“చెప్తే పొంగిపోతావని చెప్పలా” అంది. “తిను, పప్పు చల్లారిపోద్ది.”